ఇరవై ఏడో కొక్కెం

రాకెట్ పైకి లేచే ముందు దాని ఒంటి నిండా ఎర్ర రిబ్బన్లు వేలాడుతూ ఉంటాయి. సరిగ్గా నలభై ఆరు. టీవీలో మనకు చూపించే వేళకు అవి ఉండవు, ఉండకూడదు కూడా. ఒక్కటి మిగిలిపోయినా కొంప మునిగినట్టే. ఆ రిబ్బన్లు కుట్టే మనిషీ, కిందికి దిగివచ్చాక వాటిని లెక్కపెట్టే మనిషీ ఒక్కరే. ఆవిడను రాకెట్ కేంద్రంలో చిన్నాపెద్దా అందరూ రిబ్బనక్క అంటారు. ఆవిడ నెత్తిన అక్కడి పెద్దలు వేసిన నింద సంగతి ఇది. కోపం రాకుండా చెప్పుకోగలిగిన సంగతి కాదు.

రిబ్బనక్క మొదట్లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. కేంద్రంలో స్టాఫ్ బస్సు నడిపే మొగుడు ఒకరోజు ఇంటికొచ్చి, "మా దగ్గర కుట్టుపని తెలిసిన మనిషి కావాలట, వెళ్తావా?" అన్నాడు. పక్కనే ఉన్న అత్తగారు ఊరుకుంటుందా?

"రాకెట్‌కి లాగూ కుట్టాలా, చొక్కా కుట్టాలా? కొలతలు తీసుకోడానికి నిచ్చెన కావాలేమో కనుక్కోరా" అంది.

వెళ్ళి చూస్తే పని చిన్నదే, బాధ్యత మాత్రం కొండంత. రాకెట్ ఒంటి మీద అక్కడక్కడ రంధ్రాలుంటాయి. కొన్ని లోపలి గాలి బయటికి పోవడానికి, కొన్ని కొలతలు తీసుకోవడానికి. నేల మీద ఉన్నన్నాళ్ళు వాటిలోకి దుమ్మూ వానా పోకుండా, కందిరీగలు గూళ్ళు పెట్టకుండా ఒక్కోదానికి ఒక్కో మూత పెడతారు. మూతకు రింగు, రింగుకు రిబ్బను. రిబ్బను మీద "ఎగిరే ముందు తీసేయాలి" అని తెల్లటి అక్షరాలు, కింద నంబరు. ఎగిరే రోజు ఫిట్టర్ రాకెట్ పక్కనుండే టవరెక్కి ఒక్కో రిబ్బనూ లాగుతాడు. రిబ్బనుతో పాటే మూత ఊడి వస్తుంది. అన్నీ సంచిలో వేసుకుని దిగి రిబ్బనక్క గదికి తెస్తాడు.

ఆ గదిలో ఒక కుట్టుమిషను, ఒక బల్ల, గోడకు ఒక చెక్క. చెక్కకు నలభై ఆరు కొక్కేలు. ఒక్కోటీ నంబరు చూసి తగిలిస్తుంది ఆవిడ. కొక్కెం ఖాళీగా ఉందంటే, ఆ మూత ఇంకా రాకెట్ మీదే ఉందన్నమాట. అన్నీ నిండాక రిజిస్టరులో సంతకం చేస్తుంది. ఆ సంతకం పైకి వెళ్ళాకే టవరు వెనక్కి జరుగుతుంది. చదువుకున్న వందలమంది, కోట్ల లెక్కలు కట్టే యంత్రాలు, అన్నీ ఏడో తరగతి చదివిన ఒక ఆడమనిషి సంతకం కోసం చేతులు కట్టుకుని ఆగుతాయి. రిబ్బనక్కకు ఆ గర్వం ఉండేది. ఎందుకుండకూడదు?

ఇరవై రెండేళ్ళలో ఆవిడ పంతొమ్మిది రాకెట్లను పంపింది. ఒక్కటీ ఎగరగా కళ్ళారా చూడలేదు. గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ సైకిల్ స్టాండు వైపు తెరుచుకుంటుంది. ఆవిడకు తెలిసిందల్లా నేల అదరడం, గోడ మీద రిబ్బన్లన్నీ ఒక్కసారి ఊగడం. గ్యాలరీ పాసు కోసం ప్రతిసారీ అర్జీ పెట్టేది. ప్రతిసారీ పాసులు అయిపోయేవి. ఎవరికి అయిపోయేవనుకున్నారు? పై ఆఫీసరుగారి తోడల్లుడికి, తోడల్లుడి పక్కింటివాళ్ళకు, వాళ్ళింటికి చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళకు. రాకెట్‌ను పైకి పంపేవాళ్ళు మాత్రం గోడలకు చెవులానించి వినాలి. ఇది అన్యాయమని కూడా అక్కడ ఎవరికీ తోచేది కాదు.

ఇరవయ్యో రాకెట్ ఎగరడానికి ఒకరోజు ముందు మర్యాదల ఆఫీసరు ఆవిడ గదికి వచ్చాడు. వచ్చే అతిథులకు కుర్చీలు వేయించడం, పూలగుత్తులు ఇప్పించడం, ఫొటోలు తీయించడం ఆయన ఉద్యోగం. రాకెట్‌కు ముందేదో వెనకేదో కూడా ఆయన ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

"అమ్మా, నీ కత్తెర ఒకసారి ఇవ్వు. చిన్న ఫంక్షను" అన్నాడు.

ఆవిడ ఇచ్చింది. ఎందుకని అడగలేదు. తర్వాత ఏడాది పాటు ఆ ఒక్క మాట అడగనందుకు తనను తాను తిట్టుకుంది.

మర్నాడు పొద్దున ఫిట్టర్ సంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు. తగిలిస్తూ పోతే ఇరవై ఏడో కొక్కెం ఖాళీగా మిగిలింది.

"తమ్ముడూ, ఇరవై ఏడేది?"

"దాని దగ్గరికి నన్ను ఎక్కొద్దన్నారక్కా. నిన్ననే తీసేశారట. ముఖ్య అతిథి చేత తీయించారట."

"తీసింది నువ్వు చూశావా?"

"నన్ను ఆ దరిదాపులకు రానిస్తేగా!"

రిబ్బనక్క రిజిస్టరు మూసేసి నేరుగా మర్యాదల ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆవిడ సెక్షన్ పెద్ద కూడా ఉన్నాడు.

"ఇరవై ఏడు నా దగ్గరికి రాలేదు సార్. సంతకం పెట్టను" అంది.

"ఆ రిబ్బను అతిథిగారి దగ్గర భద్రంగా ఉందమ్మా. జ్ఞాపకంగా ఉంచుకుంటామన్నారు" అన్నాడు మర్యాదల ఆఫీసరు.

"మరి మూత?"

"రిబ్బనూ మూతా కలిసే వస్తాయని నువ్వే కదా ఎప్పుడూ చెబుతావు? రిబ్బను వచ్చిందంటే మూత రాకుండా ఎక్కడికి పోతుంది?"

ఆవిడ మాటే ఆవిడకు తిప్పికొట్టాడు. ఆ మాటలో ఆవిడకు తప్పు దొరకలేదు. ఇరవై రెండేళ్ళుగా రిబ్బను లాగితే మూత రాని రోజు లేదు మరి. అప్పుడు సెక్షన్ పెద్ద సొరుగులోంచి ఒక అట్టముక్క తీసి చేతిలో పెట్టాడు. గ్యాలరీ పాసు!

"ఇన్నేళ్ళుగా అడుగుతున్నావుగా, వెళ్ళి చూసిరా. అతిథిగారి దగ్గర్నుంచి ఆ రెండూ తెప్పించి, ఈ కొక్కెం సంగతి నేను చూసుకుంటాను. సంతకాలు నాకు కొత్తా?"

రిబ్బనక్క ఒక్క నిమిషం ఆ పాసు వంక, ఒక్క నిమిషం రిజిస్టరు వంక చూసింది. ఆశ పడింది. దాచడం ఎందుకు, ఆవిడా మనిషే. సంతకం మాత్రం పెట్టకుండా, రిజిస్టరు బల్ల మీద పెట్టి వెళ్ళింది.

గ్యాలరీ అంటే మెట్లు మెట్లుగా ఎండలో వేసిన కుర్చీలు. గేటు దగ్గర ఫోన్లు తీసేసుకుంటారు. ఎదురుగా దూరాన, నీళ్ళకు అవతల, రాకెట్ తెల్లగా నిలబడి ఉంది. అంత దూరం నుంచి బొటనవేలంత ఉంది. దాని మీద ఎక్కడ ఏ రంధ్రముందో, పటాల్లో చూసి చూసి, రిబ్బనక్కకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మైకులో గొంతు ఇంకా పదకొండు నిమిషాలని చెప్పింది.

ముందు వరసలో ముఖ్య అతిథి పక్కవాళ్ళకు ఏదో చూపిస్తున్నాడు. ఎర్రటి రిబ్బను. ఆయన దాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. చివర రింగు లేదు. ఏటవాలుగా, నున్నగా, పదునైన కత్తెర పడిన అంచు ఉంది. ఆ కత్తెర ఎవరిదో ఆవిడకు తప్ప అక్కడ ఇంకెవరికి తెలుస్తుంది?

ఆవిడకు సంగతి అర్థమైంది. తీయలేదు. కోశారు! ఎక్కడికి వెళ్ళినా ఎర్ర రిబ్బను కనిపిస్తే కత్తెర పెట్టడమే ఆ పెద్దమనుషులకు తెలిసిన విద్య. దుకాణమైనా, వంతెనైనా, రాకెట్ అయినా ఒకటే. పళ్ళెంలో కత్తెర, వెనక కెమెరా, కచక్! రిబ్బను ఆయన చేతికొచ్చింది. మూత రాకెట్ మీదే ఉండిపోయింది. దానికిక రిబ్బను లేదు కాబట్టి, తెల్లటి ఒంటి మీద తెల్లటి మూత ఎవరి కంటా పడదు.

కంచె దగ్గర నిలబడ్డ గార్డు దగ్గరికి పరుగెత్తింది.

"బాబూ, కంట్రోల్ రూముకి ఫోన్ చెయ్యి. ఆపమను. ఇరవై ఏడో మూత తీయలేదు, రాకెట్ మీదే ఉంది."

గార్డు భయపడి మర్యాదల ఆఫీసరును పిలిచాడు. ఆయన చిరునవ్వుతో వచ్చాడు, చేతిలో మంచినీళ్ళ సీసాతో.

"ఎండదెబ్బ తగిలినట్టుంది. కాసేపు నీడలో కూర్చోబెట్టండి."

"ఎండా లేదు, దెబ్బా లేదు! ఒక్క ఫోను చేయండి సార్. నా మాట తప్పయితే నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి. రాకెట్‌ను మాత్రం ఆపండి!"

"అమ్మా, అతిథుల ముందు అల్లరి చేయకు."

ఇంకా నాలుగు నిమిషాలు. ఆవిడ గొంతు చించుకుని అరిచింది. వెనక వరస నుంచి ఒకాయన విసుగ్గా, "కూర్చోవమ్మా, మాకు కనపడట్లేదు" అన్నాడు. ఆ రోజు ఆవిడ మాటకు దొరికిన జవాబు అదొక్కటే.

మొదట వెలుగు వచ్చింది, చప్పుడు లేకుండా. రాకెట్ కదిలింది. అది చాలా ఎత్తుకు లేచాక చప్పుడు వచ్చి గుండెల మీద గుద్దింది. కుర్చీలు గడగడలాడాయి. రిబ్బనక్క రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి, తను పొరపాటు పడి ఉండాలని, తన మాట అబద్ధం కావాలని కోరుకుంది. ఇరవై ఏడోది గాలి పోయే రంధ్రం. లోపలి గాలికి బయటికి పోయే దారి లేకపోతే, పైకి పోయేకొద్దీ అది ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి గోడను చీలుస్తుంది. ఇన్నేళ్ళలో ఇంజనీర్లు ఎన్నోసార్లు ఆవిడకు చెప్పిన సంగతే.

యాభై ఎనిమిదో సెకనులో నిటారుగా పోతున్న పొగ వంకర తిరిగింది. తర్వాత ఒక తెల్లటి ముద్ద విచ్చుకుని, దానిలోంచి మూడు నాలుగు పాయలు కిందికి జారాయి.

గ్యాలరీ అంతా చప్పట్లు కొట్టింది.

అవును, చప్పట్లే. అలా విడిపోవాలేమో అనుకున్నారు. ముఖ్య అతిథి లేచి నిలబడి మరీ కొట్టాడు, చేతిలో ఎర్ర రిబ్బను ఊగుతూ ఉండగా. మైకు మూగబోయాక ఒక్కొక్కరే ఆపారు. ఆరేళ్ళ పని, తుఫాను వస్తోందని ముందుగా చెప్పాల్సిన ఉపగ్రహం, ముక్కలై సముద్రంలో పడుతూ ఉంటే కొట్టిన ఆ చప్పట్లు రిబ్బనక్క చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

ఆవిడ గదికి తిరిగొచ్చేసరికి ఇరవై ఏడో కొక్కేనికి రిబ్బను ఉంది. కొత్తది, రింగు లేనిది, మూత లేనిది. సందర్శకులకు బహుమతిగా ఇవ్వడానికి ఆవిడే కుట్టి డబ్బాలో పెట్టిన వాటిలో ఒకటి. రిజిస్టరులో సెక్షన్ పెద్ద "రిబ్బనక్క తరఫున" అని రాసి సంతకం చేసి ఉన్నాడు.

విచారణ కమిటీలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని అడిగాడు.

"లెక్క పెట్టాల్సిన సమయంలో మీరెక్కడున్నారు?"

"గ్యాలరీలో సార్. మీవాళ్ళు ఇచ్చిన పాసుతోనే."

"అంటే డ్యూటీలో లేరు."

"ఆ కొక్కెం ఖాళీగా ఉందని చెప్పి, సంతకం పెట్టనని చెప్పి వెళ్ళాను సార్. రిబ్బను కోశారు. అది అతిథిగారి దగ్గర ఉంది. తెప్పించి చూడండి, కత్తెర గాటు కనిపిస్తుంది."

కమిటీ పెద్దాయన తెల్లబోయాడు.

"అంతటివారి ఇంటికి మనిషిని పంపి రిబ్బను తెమ్మంటామా? మీకేమైనా మతి ఉందా?"

"పోనీ ఫొటో చూడండి. కోస్తున్నప్పుడు తీశారట, కిందటి వారం ఈ హాల్లోనే గోడకు పెట్టారట."

అందరూ గోడ వంక చూశారు. అక్కడ మేకు ఉంది. ఫొటో లేదు. మర్యాదల ఆఫీసరు తన బూట్ల వంక చూసుకున్నాడు. ఫిట్టర్‌ను పిలిచి అడిగితే పాపం నీళ్ళు నమిలాడు. కోస్తుండగా అతను చూడలేదు. చూడనివ్వలేదు కూడా.

"నా తప్పు కూడా రాసుకోండి సార్" అంది రిబ్బనక్క. "కొక్కెం ఖాళీగా ఉందని తెలిసీ అక్కడినుంచి కదిలాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. చేయని తప్పు మాత్రం నా నెత్తిన పెట్టకండి."

ఆవిడ ఒప్పుకున్నది రాసుకున్నారు. మిగతాది రాసుకోలేదు. "కింది స్థాయి సిబ్బంది నిర్లక్ష్యం" అని నివేదిక అచ్చయింది. అంత రాకెట్ పడిపోతే అందులో పైస్థాయి మనిషి ఒక్కడూ లేకపోయాడు చూశారా! ఫిట్టర్‌ను నీళ్ళ పంపుల దగ్గరికి మార్చారు. రిబ్బనక్కను కుట్టడం వరకే ఉంచి, లెక్కపెట్టే పనీ రిజిస్టరూ తీసేసుకున్నారు. వాటిని ఎవరికిచ్చారంటే సెక్షన్ పెద్దకు.

బస్సులో మొగుడి వెనక సీట్లలో కూర్చునేవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. ఆయన మెత్తని మనిషి, విని దిగమింగుకునేవాడు. అత్తగారు అలా కాదు. పక్కింటావిడ "మీ కోడలు ఎంత పని చేసిందండీ" అని నోరు జారేసరికి ఒంటికాలి మీద లేచింది.

"ఏం చేసిందే? మా కోడలు కుట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడదు. ఊడిందంటే ఎవరో పీకి ఉంటారు. ఆ పీకినవాణ్ణి వెళ్ళి అడుగు, మా గుమ్మంలో కాదు!"

పెళ్ళయిన ఇన్నేళ్ళకు అత్తగారి నోటి నుంచి తన పని గురించి మంచి మాట విని రిబ్బనక్క వంటింట్లోకి వెళ్ళి భోరుమంది. ఏడ్చాక ఒంట్లో మంట మిగిలింది. ఆ మంటతోనే మర్నాడు మిషను ముందు కూర్చుంది.

తర్వాతి రాకెట్‌కు నలభై ఆరు కొత్త రిబ్బన్లు కావాలి. ఈసారి ఒక్కో రిబ్బను మడతలో, ఈ చివర నుంచి ఆ చివర రింగు దాకా, సైకిల్ బ్రేకుకు వాడేలాంటి సన్నటి ఉక్కు తీగ పెట్టి కుట్టింది. దొంగతనంగా చేయలేదు. సామాను చీటీలో "బలం కోసం లోపల తీగ" అని తన గుండ్రటి అక్షరాలతో రాసింది. సెక్షన్ పెద్ద చదవకుండా సంతకం చేశాడు. సంతకాలు ఆయనకు కొత్తా?

ఏడాది తిరిగింది. ఇరవై ఒకటో రాకెట్‌కు కూడా అదే ముఖ్య అతిథి వస్తున్నాడని, మళ్ళీ రిబ్బను కోయిస్తున్నారని తెలిసి రిబ్బనక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఇప్పుడు కోయించడం మానేస్తే పోయినసారి కోయించడం తప్పని ఒప్పుకున్నట్టే కదా. ఒప్పుకోకుండా ఉండటం కోసం ఇంకో రాకెట్ పోయినా వాళ్ళకు పరవాలేదు! ఈసారి అతిథిగారికి ముందురోజు తీరిక లేక, ఎగిరే రోజు పొద్దున్నే ఏర్పాటు చేశారు.

మర్యాదల ఆఫీసరు గది గుమ్మంలో నిలబడి, ఆవిడ మొహం చూడకుండా చెయ్యి చాపాడు.

"కత్తెర."

"కత్తెర నాది సార్. నేనే తెస్తాను."

అతిథి అప్పటికే టవరెక్కేశాడు. వాదించే వేళ లేదు.

ఇరవై రెండేళ్ళకు పైగా కుట్టినా రిబ్బనక్క రాకెట్‌కు అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో తెల్లటి గోడలా ఉంది. దాని మీద ఇరవై ఏడో రిబ్బను గాలికి కొట్టుకుంటోంది. ముఖ్య అతిథి, మర్యాదల ఆఫీసరు, సెక్షన్ పెద్ద, ఇద్దరు కెమెరావాళ్ళు. వాళ్ళ వెనక విచారణ కమిటీ పెద్దాయన కూడా ఉన్నాడు. ఆవిడ కత్తెర పెట్టిన పళ్ళెం ముందుకు పట్టింది.

అతిథి నవ్వుతూ కత్తెర తీసుకుని రిబ్బనుకు పెట్టి నొక్కాడు. తెగలేదు. కెమెరాలు అలాగే చూస్తున్నాయి. మళ్ళీ నొక్కాడు, రెండు చేతులతో నొక్కాడు. కత్తెర కీచుమంది. గుడ్డ కాస్త నలిగింది, అంతే. మర్యాదల ఆఫీసరు మొహాన నెత్తురు చుక్క లేదు.

అతిథికి చిన్నతనం వేసింది.

"ఇదేమిటయ్యా? పోయినసారి ఇట్టే తెగిందే! ఇదే నంబరు కదా, ఇరవై ఏడు. కోసిన ముక్క మా హాల్లో అద్దాల పెట్టెలో పెట్టుకున్నాను. కావాలంటే వచ్చి చూసుకోండి."

ఏడాది పాటు ఎవరి గుమ్మం తొక్కి అడగడానికి వాళ్ళందరూ వణికారో ఆ మనిషే, అడక్కుండానే, కెమెరాల ముందు, కమిటీ పెద్దాయన వింటుండగా చెప్పేశాడు. రిబ్బను ఇంకా గాలికి కొట్టుకుంటూనే ఉంది.

"దాన్ని కోయకూడదండీ" అంది రిబ్బనక్క. "లాగాలి. ఒకసారి లాగి చూడండి."

అతిథి కత్తెర పళ్ళెంలో పెట్టి, రిబ్బను చేతికి చుట్టుకుని లాగాడు. టప్పుమని మూత ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. దాని వెనక, తెల్లటి గోడలో, రూపాయి బిళ్ళంత నల్లటి రంధ్రం కనిపించింది. ఆయన మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు. రంధ్రాన్ని చూశాడు. నవ్వు మెల్లగా పోయింది.

"మరి పోయినసారి దీన్ని ఎవరు తీశారు?" అని అడిగాడు.

మర్యాదల ఆఫీసరు సెక్షన్ పెద్ద వంక చూశాడు. సెక్షన్ పెద్ద కమిటీ పెద్దాయన వంక చూశాడు. కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

రిబ్బనక్క అతిథి చేతిలోంచి మూతా రిబ్బనూ తీసుకుంది. సెక్షన్ పెద్ద చంకలో ఉన్న రిజిస్టరును కూడా లాక్కుంది. ఆయన వదిలేశాడు. ఆవిడ టవరు దిగి, గదికి వెళ్ళి, ఇరవై ఏడో కొక్కేనికి తగిలించి, మిగతా నలభై అయిదు వచ్చేదాకా అక్కడినుంచి కదలకుండా కూర్చుంది.